కూలీల వెంట వెళ్ళిన సువార్త



1903లో నెల్లూరు సీమ నుంచి ఒక తెలుగు సేవకుడు ఓడెక్కి వెళ్ళి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో దిగారు. ఆయన పేరు జాన్ రంగయ్య. ఆయన్ని పంపింది లండన్ సొసైటీ కాదు, అమెరికా బోర్డు కాదు. తెలుగు బాప్టిస్టులు తమంతట తాము పెట్టుకున్న హోమ్ మిషన్ సంఘం పంపింది. సముద్రం దాటి సువార్త సేవకు వెళ్ళిన మొదటి తెలుగువాడిగా ఆయన్ని మా సంఘాల్లో ఇప్పటికీ తలుచుకుంటాం.

ఆయన వెళ్ళిన నటాల్ అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ వలస రాజ్యం. చెరకు తోటలకు, తేయాకు తోటలకు, బొగ్గు గనులకు, రైలు మార్గాలకు మన దేశం నుంచి కూలీలను కరారు మీద తీసుకెళ్ళేవారు. 1860 నుంచి 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షా 52 వేల మందికి పైనే. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు, అందులో తెలుగువాళ్ళు వేలకు వేలు. అయిదేళ్ళ కరారు. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. కరారు తీరాక అక్కడే ఉండిపోవాలంటే ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. నెలకు పది షిల్లింగులు తెచ్చుకునే మనిషికి మూడు పౌన్లంటే ఆరు నెలల జీతం.

ఆ కూలీల్లో కొందరు మన బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం తీసుకుని వెళ్ళినవాళ్ళు. రంగయ్యగారు కియర్స్‌నీ తేయాకు తోటకు చేరి, ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకల్లా అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నిలబెట్టారు. కొత్త దేశం, కొత్త దొరలు, కొత్త చట్టాలు. అయినా నెలల్లోనే సంఘం ఎలా నిలిచింది? విశ్వాసులు ఆయన కంటే ముందే అక్కడ ఉన్నారు గనక నిలిచింది. కూలి మనిషి ముందు వెళ్ళాడు, సేవకుడు తరవాత వెళ్ళాడు. ఈ వరస నాకు పుస్తకంలో చదివినప్పుడు అంతగా పట్టలేదు. గుజరాత్‌లోని సూరత్‌లో ఒక ఏడాది సేవ చేసి వచ్చాక పట్టింది. ఈ పూట మీతో చెప్పదలుచుకున్నది దాని గురించే.

మా సంఘం నన్ను పంపిన చోటు మన దేశంలోదే. పాస్‌పోర్టు అక్కర్లేదు. అయినా నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగిన నాకు అది పరాయి సీమే. అక్షరం వేరు, అన్నం వేరు, మాట వేరు. గుజరాతీ అక్షరాలకు హిందీకి ఉన్నట్టు పైన గీత ఉండదు. హిందీ వచ్చు కదా అన్న ధీమాతో వెళ్ళినవాడు మొదటి రోజున బస్సు మీది అంకెను కూడా చదవలేక నిలబడిపోతాడు, ఎందుకంటే అంకెలూ వాళ్ళవే. నేను అంకెలు నేర్చుకున్నది ఇళ్ళ తలుపుల మీది నంబర్లు చూసి. అక్షరాలు నేర్చుకున్నది మా సంఘంలో అయిదో తరగతి చదివే ఒక పాప దగ్గర. ఆ పాపకు నాన్నమ్మ చెప్పిన తెలుగూ వచ్చు, వీధిలో హిందీ వచ్చు, బడిలో గుజరాతీ వచ్చు. నాకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం పక్కా పంతులమ్మ.

సూరత్‌కు మనవాళ్ళు ఎందుకు వెళ్ళారో తెలంగాణ శ్రోతలకు నేను చెప్పక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు చేతిమగ్గం కూడు పెట్టని రోజుల నుంచి షోలాపూర్, భివండి, బొంబాయి, సూరత్ దారి పట్టాయి. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది బల్లార్షా, భుసావల్, నందుర్‌బార్ మీదుగా సూరత్‌లో దింపుతుంది. ఆ బండి పేరు చెబితే లింబాయత్ వీధుల్లో ముసలివాళ్ళ ముఖాలు మారతాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రయాణం గుర్తొస్తుంది: మేనమామ వెంట వెళ్ళినది, పెళ్ళయి వచ్చినది, తండ్రి పోయాడని కబురొచ్చి జనరల్ బోగీలో నిలబడి ఊరికి పోయినది. సూరత్ నగరపాలక ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోందంటే అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఎన్నాళ్ళుగా ఉన్నారో ఊహించుకోవచ్చు. దసరా ముందు బతుకమ్మ ఆడితే వీధి వీధంతా తెలంగాణే.

ఆ కుటుంబాల్లో క్రైస్తవులు తక్కువ. వాళ్ళ కోసమే నేను వెళ్ళాను. మరమగ్గాన్ని మన సిరిసిల్లలో సాంచె అంటారు కదా, అక్కడా మనవాళ్ళ నోట అదే మాట. ఒక రాత్రి పాళీ మొదలయ్యే వేళకు ఒక అన్న నన్ను తన షెడ్డుకు తీసుకెళ్ళాడు. తలుపు తియ్యగానే చప్పుడు వచ్చి ఛాతీకి తగిలింది. చెవికి తగిలినట్టు కాదు, ఛాతీకే. వరసగా సాంచెలు, మధ్యన మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ఆ సందులో అతను పన్నెండు గంటలు నడుస్తాడు. నాడె అటూ ఇటూ కొడుతూ ఉంటుంది. కండె అయిపోతే మార్చాలి, పోగు తెగితే ఆపి ముడెయ్యాలి. నాతో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరిచాడు. ఎదుటి వరసలో ఉన్నవాడితో అరవను కూడా అరవలేదు. పెదవులు కదిపాడు, అవతలివాడు చదువుకున్నాడు, నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళు అట్లాగే మాట్లాడుకుంటున్నారు.

మా కూడికలో పాటలు ఎందుకంత గట్టిగా పాడతారో ఆ రాత్రి నాకు తెలిసింది. ప్రార్థన కూడా గొంతెత్తి చేస్తారు. అప్పటిదాకా అది మనవాళ్ళ ఆరాధన పద్ధతి అనుకున్నాను. అది సాంచెల చప్పుడు మిగిల్చిన చెవుడు. అది తెలిశాక నేనూ గట్టిగానే వాక్యం చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మరొక సంగతి. వాళ్ళకు జీతం నెలజీతం కాదు, నేసిన మీటర్ల లెక్క. పోగు తెగిన సేపు, కరెంటు పోయిన సేపు, జ్వరం వచ్చిన పూట డబ్బు లేదు. ఆదివారం ఆరాధనకు వచ్చిన మనిషి కొన్ని మీటర్ల గుడ్డ వదులుకుని వస్తాడన్నమాట. పగటి పాళీ వాళ్ళు ఒక వారం, రాత్రి పాళీ వాళ్ళు ఒక వారం. సంఘమంతా ఒక్కచోట కలిసిన ఆదివారం చాలా అరుదు. పల్లెలో కోడి కూసే వేళకు గంట కొట్టి సంఘాన్ని పిలిచే అలవాటున్న నాకు మొదట్లో ఇది కష్టంగా ఉండేది. తరవాత తరవాత ఒకే వాక్యాన్ని పొద్దున ఒక గదిలో, సాయంత్రం ఇంకో గదిలో చెప్పడం మామూలైపోయింది. గదులంటే నిజంగా గదులే. పడకలు మడిచి ఓ మూల పెట్టి, పొయ్యి పక్కకు జరిపి, గడప బయట చెప్పులు విడిచి కూర్చునే గది. ఆడవాళ్ళు చీరలకు రాళ్ళు అంటించే పని ఇంటి దగ్గరే చేసుకుంటారు, చీరకు ఇంత అని లెక్క. ప్రార్థనకు ముందు ఆ చీరల మూటలు పైకి సర్దేవారు. నేల మీద మిగిలిపోయిన రాళ్ళు మోకాళ్ళకు గుచ్చుకునేవి.

ఈ సంఘాన్ని ఎవరు పెట్టారని పెద్దలను అడిగాను. ఏ పాస్టరు పేరైనా చెబుతారనుకున్నాను. ఒక పెద్దమ్మ అంది: "ఎవలు పెడతరయ్యా? మేమే. మా ఆయన, మా మరిది, ఇంకో ఇద్దరు. దినాం పాళీ దిగినంక కూసొని పాడుకునేటోళ్ళం. పాస్టరయ్యలు తర్వాత తర్వాత వచ్చిండ్రు." రంగయ్యగారి కంటే ముందు నటాల్ తోటల్లోకి వెళ్ళినవాళ్ళు ఈ మాట వింటే తమ మాటే అనుకునేవారు.

ఇది ఒక్క సూరత్ కథ కాదు. ఒంగోలు చరిత్ర తీసి చూడండి. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. కరువు తరవాత 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషన్ చరిత్రలో గొప్ప రోజు. అయితే దొర రాకముందే ఆ పల్లెల్లో ఒక మనిషి తిరుగుతున్నాడు. యర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకుడు. వ్యాపారం మీద ఉత్తరానికి, గోదావరి వైపు వెళ్ళినచోట సువార్త విని, తిరిగొచ్చి తనవాళ్ళకు చెప్పుకున్నాడు. బోధకుడి బాట వెయ్యకముందే బేరగాడి బాట ఉంది. పుస్తకాల్లో దొర పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పేరయ్య పేరు వెతుక్కోవాలి. వెతికితే దొరుకుతుంది, అది మన అదృష్టం. సూరత్ పెద్దమ్మ భర్తను, మరిదిని గురించి రాసిన పుస్తకం లేదు.

సూరత్ ఊరికీ మిషన్ చరిత్ర ఉంది. మనకు చుట్టరికం ఉన్న చరిత్రే. 1804లో లండన్ మిషనరీ సొసైటీ మన దేశానికి కొందరిని పంపింది. ఈస్టిండియా కంపెనీ తన ఓడల్లో మిషనరీలను ఎక్కించుకోని కాలం అది, డెన్మార్క్ ఓడల్లో దారి వెతుక్కోవలసి వచ్చింది. వాళ్ళలో టేలర్, లవ్‌లెస్ అనే ఇద్దరిని సూరత్‌కు అనుకున్నారు. లవ్‌లెస్ మద్రాసులోనే ఆగిపోయాడు. టేలర్ బొంబాయి వైపు వెళ్ళాడు గానీ సర్కారు కొలువులో చేరిపోయాడు. సూరత్‌కు ఎవరూ చేరలేదు. అదే బృందంలోని జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్ మాత్రం 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డిగ్రాంజిస్ 1810లో చనిపోయారు. వాళ్ళ పక్కన కూర్చుని సువార్తలను తెలుగు చేయించిన ఆనందరాయరు, మహారాష్ట్ర బ్రాహ్మణుడుగా పుట్టి క్రైస్తవుడైన మనిషి. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. అంటే సూరత్ ఖాళీగా మిగిలిపోయిన ఆ ప్రయాణంలోనే మనకు తెలుగు సువార్త దొరికింది.

1813లో కంపెనీ చార్టరు మారి మిషనరీలకు దారి తెరుచుకున్నాక, 1815లో జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ సూరత్ చేరారు. గుజరాతీ నేర్చుకున్నారు, అచ్చుయంత్రం పెట్టుకున్నారు, 1820ల్లో గుజరాతీ బైబిలు అచ్చువేశారు. మూడు దశాబ్దాలు పనిచేశాక సొసైటీ సూరత్‌ను ఐర్లండు ప్రెస్బిటేరియన్లకు అప్పగించింది. అంతకాలంలో సంఘంలో చేరినవాళ్ళు అతికొద్దిమంది. వాళ్ళ ఓపికకు నేను దండం పెడతాను. కానీ వాళ్ళ పనికీ రంగయ్యగారి పనికీ తేడా చూడండి. వీళ్ళు వెళ్ళేసరికి ఆ ఊళ్ళో వీళ్ళ కోసం ఎదురుచూసే మనిషి లేడు. రంగయ్యగారు రేవులో దిగేసరికి ఉన్నారు. కొత్త మనుషులకు కొత్త కబురు చెప్పాలంటే ముప్ఫయ్యేళ్ళు పడుతుంది. తన మనుషుల దగ్గరికి వెళ్ళినవాడికి ఏడాదిలోనే పని కనిపిస్తుంది. ఏడాది పని చూసి సేవకుడి విలువ కట్టడం ఎంత పొరపాటో ఈ రెండు కథలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నెల్లూరు మిషన్నే తీసుకోండి. శామ్యూల్ డే దొర 1840లో అక్కడ మొదలుపెడితే, ఫలితం లేదని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. ఒంటరి నక్షత్రం అని దానికి పేరు. మూతపడబోయిన ఆ మిషన్ సంఘాల్లోంచే రంగయ్యగారు ఆఫ్రికాకు వెళ్ళారు.

అదే 1903లో జరిగిన మరి రెండు సంగతులు చెప్పాలి. ఫిబ్రవరిలో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ముందుండి నడిపినవాళ్ళలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఒకరు. వాళ్ళు ఎంచుకున్న పరాయి సీమ ఏదో తెలుసా? మన డోర్నకల్. తమిళుడికి తెలుగు దేశం అంతే పరదేశం. 1909లో అజరయ్యగారే కుటుంబంతో వచ్చి అక్కడ కాపురం పెట్టారు, 1912లో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘాల్లో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఇక జూన్‌లో డర్బన్‌లో గాంధీగారి ఇండియన్ ఒపీనియన్ పత్రిక మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం, నాలుగు భాషల్లో వచ్చేది. గుజరాతీ ఉండటానికి కారణం సూరత్, కాఠియావాడ్ నుంచి వెళ్ళిన వర్తకులు. అన్ని వేలమంది కూలీలున్నా తెలుగు అందులో లేదు. తోటల్లో మనవాళ్ళకు అచ్చులో తెలుగు కనిపించిందంటే ఎక్కువగా అది బైబిలులోనో పాటల పుస్తకంలోనో అయ్యుంటుందని నాకనిపిస్తుంది. మతం సంగతి అటుంచినా, ఆ పుస్తకం చేసిన మేలు చిన్నది కాదు.

సూరత్‌లోనూ నేను చేసిన పనిలో సగం అక్షరాల పనే. ఆసుపత్రి చీటీ చదివి పెట్టడం, బడిలో చేర్పించే కాగితం నింపడం, ఊళ్ళో తల్లికి ఫోనులో విషయం మెల్లగా చెప్పడం. క్షయ వచ్చిన ఒక నేతగాడి పక్కన ఆసుపత్రిలో కొన్ని రాత్రులు కూర్చున్నాను. ఆయన భార్య పగలు కూర్చునేది. ఆమె రాత్రి కూడా ఉంటే పిల్లలకు అన్నం లేదు. ఆయన క్రైస్తవుడు కాదు, మా కూడిక జరిగే గది పక్కింటివాడు. దగ్గు తెరలు ఆగినప్పుడు తన ఊరి చెరువు గురించి చెప్పేవాడు. మత్తడి దూకితే చేపలు ఎట్లా పట్టేవారో చేతులతో చూపించేవాడు. ఆ చేతుల వేళ్ళ కొసలు పోగులు ముడేసీ ముడేసీ నున్నగా అరిగి ఉన్నాయి. ఆయన బతికాడు, తిరిగి పాళీకి వెళ్తున్నాడు. నేను ఎక్కడ కనిపించినా చాయ్ తాగించకుండా వదలడు. నా సంవత్సర నివేదికలో ఆయన పేరు రాయడానికి గడి లేదు.

గుజరాత్‌లో మతమార్పిడి మీద 2003లో చట్టం వచ్చింది. జిల్లా మెజిస్ట్రేటు అనుమతి లేకుండా మార్పిడి జరిపించకూడదు. 2021లో దాన్ని ఇంకా గట్టి చేశారు. చాలామంది నన్ను అడుగుతారు, మరి నీ పని ఎలా సాగిందని. నేను వెళ్ళింది విశ్వాసుల దగ్గరికి, వాళ్ళను కాపాడుకోవడానికి. ఆశ చూపి మనిషిని తిప్పుకోవడం సువార్త కాదని చట్టం చెప్పకపోయినా నేను నమ్ముతాను. పక్కింటి మనిషికి జబ్బు చేస్తే కూర్చోవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. దాన్ని లాభం కోసం చేసినా, పేరు కోసం చేసినా అవతలి మనిషికి తెలిసిపోతుంది.

అయితే తన మనుషుల దగ్గరికి వెళ్ళే సేవలో ఒక ముప్పు ఉంది. అది కూడా సూరత్ చరిత్రలోనే కనిపించింది. ఇంగ్లీషు కంపెనీ కోఠీ పెట్టుకున్న కాలంలో సూరత్‌కు పాదిరీలు వచ్చేవారు. సర్ థామస్ రో వెంట ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ 1616లో వచ్చాడు. హెన్రీ లార్డ్ అనే పాదిరీ బనియాలను, పార్సీలను గురించి అడిగి తెలుసుకుని 1630లో పుస్తకం అచ్చువేశాడు. జాన్ ఒవింగ్టన్ 1689లో ఓడెక్కి వచ్చి తన ప్రయాణం గురించి రాశాడు. వాళ్ళంతా తమవాళ్ళ కోసం వచ్చినవాళ్ళే. కోఠీలో ప్రార్థన క్రమం తప్పకుండా జరిగేది. కోఠీ గోడ దాటి ఊళ్ళో మనుషులతో ఆ ప్రార్థనకు సంబంధం లేకపోయింది. ఆ కోఠీ ఇంగ్లీషువాళ్ళ గోరీలు ఇప్పటికీ కతార్‌గామ్ వైపు ఉన్నాయి, చిన్న కోటల్లాగా కట్టుకున్నారు. లార్డ్ ఒక్కడు నయం, కనీసం పొరుగువాళ్ళ నమ్మకమేమిటని అడిగాడు.

మన తెలుగు సంఘాలూ అలాగే గోడ కట్టుకుంటున్నాయి. ముప్ఫయి ఏళ్ళుగా సూరత్‌లో ఉండి, అదే ఊళ్ళోని గుజరాతీ క్రైస్తవుల గుడిలో అడుగుపెట్టని కుటుంబాలు మాలో ఉన్నాయి. ఐర్లండువాళ్ళు పెంచిన ఆ సంఘాలు 1970లో చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో కలిశాయి. ఐ.పి. మిషన్ స్కూలు అంటే ఊళ్ళో ఎవరైనా దారి చెబుతారు. వ్యారా, సోన్‌గఢ్ వైపు వెళ్తే గామిత్ ఆదివాసీ సంఘాలు ఉన్నాయి. మా పక్క వీధిలోనే గంజాం జిల్లా ఒడియావాళ్ళు ఉంటారు, సాంచెల మీద మనకంటే వాళ్ళే ఎక్కువ. ఎవరి పాట వాళ్ళదే, ఎవరి బల్ల వాళ్ళదే. డిసెంబరులో మా పిల్లలను తీసుకుని గుజరాతీ సంఘం క్రిస్మస్ ఆరాధనకు వెళ్ళాను. నాకు పాఠం చెప్పిన పాప గుజరాతీ పాటల పుస్తకం తెరిచి గడగడా చదివేసింది. పక్క బల్లమీద కూర్చున్న గుజరాతీ ముసలాయన ఆమె వైపు తిరిగి, నీదే ఊరమ్మా అన్నాడు. "సూరత్" అంది పాప. నేను ఉలిక్కిపడ్డాను. నేను నెల్లూరు అంటాను, వాళ్ళ నాన్నమ్మ జగిత్యాల అంటుంది. ఆ పిల్లకు సూరతే ఊరు. మేం పెద్దవాళ్ళం ఆమెను పరదేశంలో కాపాడుతున్నామనుకుంటున్నాం. ఆమె తన ఊళ్ళోనే ఉంది. రేపు ఆ సంఘానికి తెలుగులో వాక్యం చెబుతామా, గుజరాతీలో చెబుతామా అన్నది వచ్చే సేవకుడు తేల్చుకోవలసిన పెద్ద పని. నా మటుకు నేను రెండూ కావాలంటాను. నాన్నమ్మ బతికినంతకాలం తెలుగు ఆగకూడదు, పాప పెరిగేలోగా గుజరాతీ మొదలవ్వాలి.

నటాల్‌లోనూ అదే జరిగింది. రంగయ్యగారు 1915లో అక్కడే కన్నుమూశారు. సంఘాలు నిలిచాయి. తరాలు మారేకొద్దీ ఆరాధన ఇంగ్లీషులోకి మళ్ళింది. దాన్ని నష్టమని ఏడవడానికి నాకు మనసొప్పదు. కియర్స్‌నీలో చేరిన ఆ కొద్దిమంది మునిమనవలు ఇవాళ దక్షిణాఫ్రికా పౌరులు. వాళ్ళ తాతల తెలుగు పాటలు మాత్రం ఎవరో ఒకరు రాసి పెట్టుకుని ఉంటే బాగుండునని అనిపిస్తుంది. అందుకే సూరత్ పెద్దమ్మ దగ్గర ఆమె భర్త కట్టిన పాటలు కొన్ని ఫోనులో రికార్డు చేసుకొచ్చాను. పాళీ దిగి వచ్చిన అలసట మీద కట్టుకున్నవి. రాగం సాంచె నడకలాగా ఉంటుంది.

సూరత్‌కు కష్టాలు కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిందని లక్షలమంది ఊరు వదిలి పరుగెత్తారు, మనవాళ్ళూ నవజీవన్ పైకప్పు తప్ప అన్నీ నింపేసి వచ్చామని చెబుతారు. తరవాత ఎస్.ఆర్. రావు మున్సిపల్ కమిషనరుగా ఊరిని ఊడ్చి శుభ్రం చేసిన కథ దేశమంతా విన్నది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీళ్ళతో తాపీ నది ఊరిని ముంచింది. ఈ రెండిట్లోనూ మా సంఘంలో పాస్టరు లేడు. పొరుగింటి మేడ మీదికి పిల్లలను చేర్చినవాళ్ళు, సంచిలో బియ్యం పంచినవాళ్ళు నేతగాళ్ళే. అప్పటి సంగతులు ఒక్కొక్కరు చెబుతుంటే, సేవకుడు లేని ఏళ్ళల్లో సంఘం ఎంత పని చేసిందో రాసుకున్నాను. నేనున్న ఏడాది కంటే ఆ జాబితా పెద్దది.

ఇక నా ఏడాది అయిపోయింది. నా చోటికి కొత్త కుర్రవాడు వెళ్తున్నాడు, హిందీ వచ్చు, గుజరాతీ నేర్చుకుంటున్నాడు. అతనికి పాప దగ్గర పాఠం ఏర్పాటు చేసి వచ్చాను.

ఈ ప్రసంగం వింటున్న సంఘాల పెద్దలకు ఒక మనవి. మీ ఊరి నుంచి సూరత్‌కో, భివండికో, దుబాయికో, కువైట్‌కో బతుకుదెరువుకు వెళ్ళేవాళ్ళు ఉంటారు. వాళ్ళు బండెక్కేముందు ఒక ప్రార్థన చేసి పంపిస్తారు, మంచిదే. దానితో పాటు అక్కడ మనవాళ్ళు ఎవరున్నారో కనుక్కుని ఒక ఫోన్ నంబరు చేతిలో పెట్టండి. వెళ్ళిన నెలలోపు మీరే ఫోన్ చేసి చేరావా, గది దొరికిందా, పాళీ పగలా రాత్రా అని అడగండి. ఏడాదికొకసారి సేవకుణ్ణి పంపలేని సంఘానికైనా ఈ పని చేతనవుతుంది. ఊరికి వచ్చినప్పుడు అక్కడి సంగతులు వాళ్ళనే నిలబెట్టి సాక్ష్యంగా చెప్పించండి, వినండి.